వేరే ప్రాంతం వాళ్ళతో మాట కలవాలంటే ఏం చేయాలి? రొయ్యల గుంట నుంచి గ్రానైట్ యార్డు దాకా

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీదా, ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ పనుల్లోనూ ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు కనపడతారు. చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైట్ (గెలాక్సీ) బ్లాకులు చూసుకోవడానికి చైనా, ఇటలీ వ్యాపారులూ వస్తుంటారు. వీళ్ళతో మాట తేడా వచ్చేది చాలాసార్లు "సరే" అనే ఒక్క మాట దగ్గరే. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టండి.

1. ముందు మన "అట్నే"ను సరిచేసుకోండి

మనం వినేటప్పుడు "ఊఁ... ఊఁ... అట్నే" అంటూనే ఉంటాం. "ఊఁ" అంటే వింటున్నానని మాత్రమే. "చూద్దాంలే" అంటే దాదాపు కుదరదని. తల పక్కకు ఊపితే సరేనని. ఇవి మనలో మనకు తెలుసు. ఇటలీ నుంచి వచ్చినాయనకు మాత్రం "ఊఁ" ఒప్పుకున్నట్టు వినపడుతుంది, తల ఊపు కాదన్నట్టు కనపడుతుంది, "చూద్దాం" అన్నందుకు వారం రోజులు ఎదురుచూస్తాడు. కాబట్టి విడమరిచి చెప్పండి: "వింటున్నాను, ఇంకా ఒప్పుకోలేదు", "ఈ రేటుకు కుదరదు", "శుక్రవారం సాయంత్రం 5 లోపు చెప్తాను".

"వెళ్ళొస్తా" కూడా అంతే. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్తే అవతలివాళ్ళు మీరు తిరిగొస్తారని కూర్చుంటారు. బెంగాలీవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వాళ్ళూ బయల్దేరేటప్పుడు "ఆశి", అంటే వస్తానని అంటారు.

2. పిలుపు

మన "నువ్వు"ను హిందీలో "తూ"గా మార్చకండి. మన దగ్గర చిన్నవాణ్ణి నువ్వు అంటే చనువు. ముక్కూమొహం తెలియని మనిషి "తూ" అంటే హిందీవాడికి చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. పెద్దవాళ్ళకు "ఆప్", కుర్రాళ్ళకు "తుమ్" వాడండి. అనుమానంగా ఉంటే అందరికీ "ఆప్" అనండి, ఎవరూ తప్పు పట్టరు. బెంగాలీలో "దాదా" అంటే అన్న, హిందీలో అదే మాటకు తాత. ఒడియావాళ్ళను "భాయి" అంటే చాలు. అన్నిటికంటే మేలు పేరు అడిగి, వాళ్ళు పలికినట్టే పలకడం. కులం మాత్రం అడగొద్దు.

ఇంకో సంగతి. ఒడిశా కుర్రాడికి హిందీ సొంత భాష కాదు, మనలాగే వాడూ నేర్చుకున్నదే. ఇద్దరిదీ కాని భాషలో మాట్లాడుకుంటున్నప్పుడు గొంతు పెంచి లాభం లేదు. వాక్యం తగ్గించండి. "ఖాఇల కి?", తిన్నావా అని ఒడియాలో ఒక్క ముక్క అడిగితే మొహం విప్పారుతుంది.

3. పని చెప్పే పద్ధతి

నష్టం డబ్బుల రూపంలో కనపడేది ఇక్కడే. "రాత్రి ఏరేటర్లు (గుంట నీళ్ళకు గాలి పట్టించే మిషన్లు) కాస్త చూసుకో, అర్థమైందా?" అని అడిగితే "హా" అనే వస్తుంది. అర్థం కాలేదని యజమాని మొహం మీద చెప్పడం మర్యాద కాదనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు, వాళ్ళలోనూ ఉన్నారు. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రి వెలుతురు లేక నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనూ పీల్చుకుంటుంది. ఆ వేళ కాపలా కుర్రాడు "కాస్త" అనే మాటను తనకు తోచినట్టు అర్థం చేసుకుంటే, తెల్లారేసరికి రొయ్య గట్టుకు వచ్చేసి ఉంటుంది.

ఇలా చెప్పండి: "రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నాలుగు ఏరేటర్లూ తిరగాలి. ఒక్కటి ఆగినా వెంటనే ఫోన్ చెయ్. రొయ్య పైకి తేలినా, గట్టుకు వచ్చినా ఫోన్ చెయ్." టైములూ లెక్కా మీ గుంటను బట్టి పెట్టుకోండి. తర్వాత "అర్థమైందా" అని అడగకుండా, "ఇప్పుడు కరెంటు పోయింది. ఏం చేస్తావో చేసి చూపించు" అనండి. జనరేటర్ దగ్గరికి నడిచాడంటే అర్థమైనట్టు. అక్కడే నిలబడి నవ్వితే మళ్ళీ చెప్పాలి, కోప్పడకుండా. ఒకసారి తిట్టించుకున్నవాడు ఆ తర్వాత అన్నిటికీ "హా" అంటాడు. నిజంగా ఏరేటర్ ఆగిన రాత్రి కూడా ఫోన్ చేయడానికి జంకుతాడు.

4. రేపు, నిన్న, నేను, మేము

హిందీలో "కల్" అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. "పర్సోఁ" ఎల్లుండీ అవుతుంది, మొన్నా అవుతుంది. జీతం, సెలవు, రొయ్యల పట్టుబడి లాంటివి మాట్లాడేటప్పుడు వారం, తేదీ కలిపి చెప్పండి. బీహార్ మనిషి "హమ్ జాయేంగే" (మేము వెళ్తాం) అంటే ముఠా అంతా పోతుందని కంగారు పడకండి. అక్కడ చాలామంది "నేను" అనడానికే "హమ్" అంటారు. "కిత్నే ఆద్మీ?", ఎంతమంది అని అడిగి తేల్చుకోండి.

5. తిండి, పండగ

సన్నబియ్యం వండిపెట్టినా కొందరు ఇష్టంగా తినరు. ఒడిశా, బెంగాల్‌లో చాలా ఇళ్ళలో ఉప్పుడు బియ్యమే. వాళ్ళ పఖాళ మన చద్దన్నం లాంటిదే. పొద్దున్నే నీళ్ళు పోసిన అన్నం తింటున్నాడంటే తిండి చాలక కాదు. పట్టుబడి తేదీ వేసుకునే ముందు వాళ్ళ పండగలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి: ఒడియావాళ్ళకు జూన్ మధ్యలో మూడు రోజుల రజ పండగ, బెంగాలీలకు దసరా రోజుల్లో దుర్గాపూజ, బీహారీలకు దీపావళి తర్వాత ఆరో రోజున ఛఠ్. సంక్రాంతికి మనం ఊరెళ్ళకుండా ఉండగలమా?

6. విదేశీ కొనుగోలుదారు వస్తే

చైనావాళ్ళు విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇస్తారు. మీరూ అలాగే తీసుకుని, చదివాకే పక్కన పెట్టండి. గోడ గడియారం కానుకగా ఇవ్వొద్దు, వాళ్ళ భాషలో ఆ మాట అంత్యక్రియలను గుర్తుచేస్తుంది. బొటనవేలు, చిటికెనవేలు చాపితే అక్కడ 6 అని లెక్క, అందుకే రేటు వేళ్ళతో కాకుండా కాగితం మీద రాయండి. లక్షలు, కోట్లు వాళ్ళకు తెలియవు: 10 లక్షలు ఒక మిలియన్, కోటి 10 మిలియన్లు. 03/04 అని తేదీ రాస్తే అమెరికావాడు మార్చి 4 అనుకుంటాడు, నెల పేరు అక్షరాల్లో రాయండి. పెళ్ళయిందా, జీతమెంత అనే ప్రశ్నలు మన దగ్గర ఆప్యాయత, వాళ్ళతో మొదటి రోజున వద్దు.

జనవరి, ఫిబ్రవరిలో వచ్చే చైనా కొత్త సంవత్సరానికీ, ఆగస్టు 15 చుట్టుపక్కల ఇటలీలోనూ చాలా వ్యాపారాలు మూతపడతాయి. ఆ రోజుల్లో మెయిల్‌కు జవాబు రాకపోతే బేరం చెడిందని రేటు తగ్గించుకోకండి, వాళ్ళు తిరిగి తెరిచాక ఒకసారి గుర్తుచేయండి.