ఫోన్‌లోనే బడి అయితే: టీచర్లకీ పిల్లలకీ

వానలకి సెలవులిచ్చినా, పరీక్షల ముందు సిలబస్ మిగిలిపోయినా చాలా బళ్ళు ఇప్పుడు ఆన్‌లైన్ క్లాసు పెట్టేస్తున్నాయి. పెట్టండి, తప్పులేదు. కానీ టీచర్లూ, మీ క్లాసులో అందరికంటే పాత ఫోన్, అందరికంటే తక్కువ డేటా ఎవరింట్లో ఉందో ఆ పిల్లాడికి అందేలా పాఠం తయారు చేయండి, మిగతావాళ్ళకి ఎలాగూ అందుతుంది.

అందుకే మొదటి క్లాసు కంటే ముందే ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి: ఫోన్ ఎవరిది, ఏ టైంలో ఇంట్లో ఉంటుంది, అన్నదమ్ములు ఎంతమంది పంచుకోవాలి. నాన్న పనికి పట్టుకెళ్ళిన ఫోన్ సాయంత్రం గానీ ఇంటికి రాకపోతే పొద్దున పదింటి లైవ్ క్లాసుకి ఆ పిల్ల ఎలా వస్తుంది? ఆమెకి ఆబ్సెంట్ వేయడం అన్యాయం. పాఠంలో ముఖ్యమైన ముక్కని అయిదారు నిమిషాల ఆడియోగా చెప్పి, బోర్డు ఫోటోతో కలిపి గ్రూపులో పెట్టండి, రాత్రికి వింటుంది. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో డిజిటల్ క్లాసులు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు వేసింది కూడా స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళకి అందాలనే.

క్లాసు ఎంతసేపు? 2020 జులైలో కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు రోజుకి రెండు క్లాసులు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగు, ఒక్కోటీ 30–45 నిమిషాలు మించకూడదన్నారు. నాకైతే అది ఇప్పటికీ సరైన లెక్కే అనిపిస్తుంది. బడి టైంటేబుల్ మొత్తం ఎత్తుకొచ్చి స్క్రీన్ మీద పెడితే మూడో పీరియడ్‌కి పిల్లలు పేరుకే ఉంటారు.

లెక్కలు చెప్పేవాళ్ళకి ఖరీదైన సామాను అక్కర్లేదు. టేబుల్ మీద ఓ అడుగు ఎత్తున పుస్తకాలు పేర్చి, కెమెరా ఉన్న భాగం అంచు దాటేలా ఫోన్ పెట్టి, కదలకుండా వెనక సగం మీద ఇంకో పుస్తకం పెట్టండి. కింద గీతల్లేని తెల్లకాగితం, నల్ల స్కెచ్ పెన్. కుడిచేత్తో రాసేవాళ్ళయితే కిటికీ ఎడమవైపు ఉండాలి, లేకపోతే చెయ్యి నీడ అంకెల మీదే పడుతుంది. ఒక స్టెప్ రాశాక ఆగండి, పిల్లలు కూడా నోట్స్‌లో రాసుకోవాలి కదా.

ఇక పిల్లలూ, మంచం మీద పడుకుని క్లాసు వినొద్దు, నిద్రొచ్చేస్తుంది. ఫోన్ గోడకి ఆనించి కళ్ళ ఎత్తులో పెట్టుకోండి. సిగ్నల్ తగ్గితే ముందు మీ వీడియో ఆపేయండి, మాట వినిపిస్తే చాలు. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేస్తే రోజు డేటా చాలావరకు క్లాసుకే మిగులుతుంది. డౌట్ వచ్చిన చోట నోట్స్ పక్కన చుక్క పెట్టుకోండి, క్లాసు అయ్యాక అడగొచ్చు. 20 నిమిషాలకోసారి 20 సెకన్లు దూరంగా చూడండి, కళ్ళకి మంచిది.

రెండు రోజులు వరుసగా కనిపించని పిల్లలుంటే టీచర్లు గ్రూపులో పేరు పెట్టి అడగకండి, అందరి ముందూ చిన్నబోతారు. నేరుగా ఇంటికి ఫోన్ చేయండి. రీచార్జ్ అయిపోయిందని తెలిస్తే, దగ్గర్లో ఉన్న క్లాస్‌మేట్ నోట్స్ చూసి రాసుకోమని చెప్పి, ఆ వారం డౌట్లు మామూలు కాల్‌లోనే తీర్చండి.