గుండె లయ తప్పుతుంటే: నాడి చూడటం నుంచి మందుల దాకా

గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ గట్టిగా కొట్టుకున్నట్టు, ఛాతీలో ఏదో రెపరెపలాడినట్టు అనిపించి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. అక్కడికి చేరేసరికి దడ తగ్గిపోతుంది. ఈసీజీ మామూలుగా వస్తుంది. "ఏమీ లేదు, టెన్షన్" అన్న మాటతో ఇంటికి తిరిగొస్తారు. నిజానికి ఆ ఈసీజీ చెప్పింది ఒక్కటే: తీసిన పది సెకన్లలో లయ బాగుంది. దడ వచ్చిన ఆ కాసేపట్లో ఏం జరిగిందో తెలియాలంటే పని ఇంట్లోనే మొదలుపెట్టాలి.

నాడి ఎలా చూడాలి

ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి వైపు మణికట్టు ఎముక పక్కనున్న పల్లంలో చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దాని సొంత నాడే తగిలి లెక్క తప్పుతుంది. గట్టిగా నొక్కితే నాడి అణిగిపోతుంది. గడియారం చూస్తూ 60 సెకన్లూ లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం లయ సమంగా ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 మామూలు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్లలో 50 ఉన్నా కంగారు అక్కర్లేదు. అంకె కంటే నడక ముఖ్యం. సమంగా సాగుతూ మధ్యలో ఒక దెబ్బ తప్పి, తర్వాతిది బలంగా పడితే అది ఎక్టోపిక్, అంటే వేళకు ముందే పడిన దెబ్బ. గుండె కండరం బాగున్నవాళ్లలో ఇది చాలావరకు ప్రమాదం కాదు. అయితే రోజు మొత్తం దెబ్బల్లో పదో వంతు దాటితే కండరం నీరసించే అవకాశం ఉంది కనుక లెక్క తేల్చుకోవాలి. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 150 దాటి, సమంగా పరుగెత్తి, అలాగే ఒక్కసారిగా ఆగిపోతే ఎస్‌వీటీ, అంటే గుండె పై భాగంలో పుట్టే అతివేగపు లయ, అని అనుమానించాలి. దెబ్బల మధ్య ఎడం ఒకసారి ఉన్నట్టు మరోసారి లేకుండా, కొన్ని బలంగా కొన్ని బలహీనంగా, ఏ వరసా పట్టుబడకుండా ఉంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. డాక్టర్లు ఏఎఫ్ అంటారు. ఈ మూడింటిలో పక్షవాతం తెచ్చిపెట్టేది ఇదే. కొందరిలో దడ కూడా ఉండదు, ఆయాసం, నీరసం తప్ప.

ఏఎఫ్‌లో బలహీనమైన దెబ్బలు వేలి దాకా చేరవు. అందుకే పల్స్ ఆక్సీమీటరు చూపే అంకె అసలు గుండె వేగం కన్నా తక్కువగా ఉండొచ్చు. బీపీ మిషను ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతుంది. నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి. చేతి గడియారం "లయ సరిగా లేదు" అని హెచ్చరిస్తే అది అనుమానం మాత్రమే. అదే గడియారం ఈసీజీ తీయగలిగితే దడ వచ్చినప్పుడు 30 సెకన్ల రికార్డు తీసి దాచుకోండి. ఏఎఫ్ అని ఖాయం చేసేది ఈసీజీ గీతే.

పక్కనే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మొదలైన వేళ, ఆగిన వేళ, నాడి అంకె, ఒక్కసారిగా మొదలైందా మెల్లగానా, అప్పుడు ఏం చేస్తున్నారు, ముందురోజు నిద్ర, మద్యం, కొత్త మందులు. ఈ పుస్తకాన్ని బట్టే ఏ పరీక్ష చేయించాలో తేలుతుంది. రోజూ దడ వచ్చేవాళ్లకు 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ యంత్రం, చాలు. నెలకోసారి వచ్చేవాళ్లకు అదే హోల్టర్ పెడితే మామూలు లయ తప్ప ఏమీ దొరకదు. వాళ్లు ఛాతీకి అతికించే 14 రోజుల ఈసీజీ ప్యాచ్ గురించి అడగాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్పృహ తప్పేవాళ్లకు చర్మం కింద పెట్టి లయను రికార్డు చేసే లూప్ రికార్డరు ఉంది. వీటితోపాటు ఎకో (గుండె స్కాన్), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చేయించాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్న సంగతి కొందరిలో ముందుగా గుండె లయలోనే బయటపడుతుంది. దాన్ని వదిలేసి గుండెకు మందులు వాడితే లయ కుదుటపడదు.

ఎస్‌వీటీని ఇంట్లో ఆపే ప్రయత్నం

ఇది ఎస్‌వీటీ అని డాక్టరు నిర్ధారించి, చేసుకోవచ్చని చెప్పినవాళ్లకే. వాలుగా కూర్చుని, 10 మిల్లీలీటర్ల ఖాళీ సిరంజి కొనను నోట పెట్టుకుని, పిస్టన్ కాస్త కదిలేంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకోవాలి. పక్కనున్నవాళ్లు రెండు కాళ్లనూ 45 డిగ్రీల ఎత్తుకు లేపి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో వెలువడిన రివర్ట్ పరిశోధనలో ఇలా చేసినవాళ్లలో 43 శాతం మందికి లయ కుదిరింది. కూర్చునే ఊదినవాళ్లలో 17 శాతం మందికే. తేడా అంతా వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తడంలోనే ఉంది, చాలామంది వదిలేసేదీ ఆ మెట్టునే. ఏఎఫ్‌కు ఇది పనిచేయదు. మెడ మీద నొక్కే పద్ధతి ఇంట్లో వద్దు.

ఏఎఫ్ ఉన్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది గడ్డ సంగతి

ఏఎఫ్‌లో గుండె పై గదులు ముడుచుకోవు, వణుకుతాయి. ఎడమ పై గదికి చిన్న సంచిలాంటి భాగం ఉంటుంది, రక్తం అందులో నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. దడ తగ్గడానికీ ఈ ముప్పు తగ్గడానికీ సంబంధం లేదు. "ఇప్పుడు బాగానే ఉందిగా" అని రక్తం పలచబరిచే మందు మానేయడమే ఈ జబ్బులో జరిగే అతి పెద్ద పొరపాటు. ఏఎఫ్ వచ్చిపోయే రకమైనా, ఎప్పుడూ ఉండే రకమైనా లెక్క ఒకటే.

ఆ లెక్క ఇలా వేస్తారు: గుండె వైఫల్యం 1, బీపీ 1, షుగర్ 1, గుండెపోటు లేదా కాళ్ల రక్తనాళాల జబ్బు 1, వయసు 65 నుంచి 74 అయితే 1, 75 నిండితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. మొత్తం 2 గానీ ఆపైన గానీ వస్తే మందు వాడాలి. 1 వస్తే డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. స్త్రీలకు అదనంగా కలిపే పాయింటును 2024 యూరప్ మార్గదర్శకాలు తీసేశాయి. గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్యనున్న మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవాళ్లకు, లోహపు కవాటం ఉన్నవాళ్లకు లెక్కతో పనిలేదు. వాళ్లకు మందు తప్పనిసరి, అదీ వార్ఫరిన్ లాంటి పాత రకమే. కొత్త మాత్రలకు మారకూడదు.

మిగతావాళ్లకు కొత్త మాత్రలు మేలు. అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. వయసు 80 నిండటం, బరువు 60 కిలోలకు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన ఉండటం, ఈ మూడింటిలో రెండు ఉంటేనే 2.5కు తగ్గిస్తారు. భయంతో మోతాదు తగ్గించి వాడితే రక్షణా తగ్గుతుంది. రివరోక్సబాన్ 20 మిల్లీగ్రాములు భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటికి ఎక్కదు. డబిగట్రాన్ క్యాప్సూల్‌ను విప్పి పొడి మింగకూడదు, రక్తంలోకి మందు ఎక్కువగా చేరి రక్తస్రావం కావచ్చు. మాత్ర మరిచిపోతే: రోజుకు రెండు వేసుకునేవాళ్లు 6 గంటల్లోపు, ఒకటి వేసుకునేవాళ్లు 12 గంటల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. ఆ గడువు దాటితే వదిలేసి తర్వాతి మాత్ర వేళకు వేసుకోవాలి. రెండు కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. ఆస్పిరిన్ వీటికి బదులు కాదు, ఏఎఫ్‌లో అది ఇచ్చే రక్షణ తక్కువ, రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది.

వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె, 2 నుంచి 3 మధ్య ఉండాలి. కొన్ని లోహపు కవాటాలకు ఇంకా ఎక్కువ కావాలి. ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. ఒక వారం మానేసి మరో వారం ఎక్కువ తినేవాళ్లకే ఐఎన్ఆర్ కుదరదు.

ఏ మందు వాడుతున్నా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నొప్పికి పారాసిటమాల్. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే గుండె వేగం పెరుగుతుంది, అట్ట మీద చూసుకోండి. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఈ కొత్త మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి టీబీకి, మూర్ఛకు మందు రాసే డాక్టరుకు ఈ విషయం చెప్పాలి.

వేగం, లయ

వేగాన్ని తగ్గించడానికి మెటోప్రోలాల్, బిసోప్రోలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ వాడతారు. విశ్రాంతిలో 110 లోపు ఉంచడం మొదటి గురి. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే ఇంకా తగ్గిస్తారు. వీటిలో మొదటి రెండూ బీటా బ్లాకర్లు, వాటిని ఒక్కసారిగా ఆపొద్దు. డిగాక్సిన్ వాడుతూ ఆకలి చచ్చిపోయి, వికారం పుట్టి, చూపు పసుపుగా అనిపిస్తే మోతాదు మించిందని అనుమానించి అదే రోజు డాక్టరును కలవండి.

లయనే సరిచేయాలంటే మందులు, కరెంటు షాకు, అబ్లేషన్. ఏఎఫ్ ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు షాకుకు ముందు 3 వారాలు, తర్వాత కనీసం 4 వారాలు రక్తం పలచబరిచే మందు వాడాలి. ముందున్న 3 వారాల్లో మాత్రలు తప్పితే దాచకుండా చెప్పండి. గడ్డ లేదని అన్నవాహిక ద్వారా ఎకో తీసి చూస్తారు, లేదా షాకు వాయిదా వేస్తారు. అమియోడరోన్ బాగా పనిచేస్తుంది, కానీ థైరాయిడ్‌నూ కాలేయాన్నీ ఊపిరితిత్తులనూ దెబ్బతీయగలదు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, కొత్తగా పొడి దగ్గు వస్తే వెంటనే డాక్టరు.

అబ్లేషన్‌లో గజ్జ దగ్గరి సిర గుండా సన్నని తీగ పంపి, ఊపిరితిత్తుల సిరలు గుండెలో కలిసే చోట చుట్టూ మచ్చ వేస్తారు. తప్పుడు సంకేతాలు ఎక్కువగా అక్కణ్నుంచే పుడతాయి. మొదటి రెండు మూడు నెలల్లో దడ మళ్లీ వస్తే విఫలమైందని అనుకోవద్దు, పుండు మానే దశ అది. ఆ రోజుల్లోనే జ్వరం, మింగితే నొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి, అబ్లేషన్ జరిగిన సంగతి ముందే చెప్పండి. అన్నవాహికకు రంధ్రం పడి ఉండొచ్చు. అది తెలియక ఎండోస్కోపీ చేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

మందులు ఎంత మంచివైనా బరువు, బీపీ, మద్యం, గురక అలాగే ఉంటే ఏఎఫ్ తిరిగొస్తుంది. అధిక బరువు ఉన్నవాళ్లు పది శాతం తగ్గితే తేడా కనిపిస్తుంది. మద్యం మానడం నేరుగా పనిచేస్తుంది. గట్టిగా గురకపెట్టి పగలు కునుకుపాట్లు పడేవాళ్లు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. వారానికి 150 నిమిషాల నడక మంచిది. కాఫీ మితంగా తాగితే చాలామందికి ఇబ్బంది ఉండదు.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా ఆగని ఆయాసం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, రక్తం పలచబరిచే మందు వాడుతూ తలకు దెబ్బ తగలడం: వీటిలో ఏది జరిగినా వెంటనే అంబులెన్సు పిలవండి. మందు పేరు, మోతాదు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో ఇంట్లోవాళ్లకు తెలిసుండాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా అని డాక్టరు తేల్చేటప్పుడు ఆ వేళ అడుగుతారు.