పట్టుబడి లెక్కలు చదవడం - 4వ పాఠం: గీత దిగితే చేప తగ్గినట్టేనా?

పోయిన పాఠంలో ఏడాదివారీ పట్టుబడిని గ్రాఫు కాగితం మీద గీయడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గీతను చదువుదాం. ఇందుకు తీసుకున్న చేప యూరప్ సీబాస్.

ముందు పేరు తేల్చుకోండి. మన దగ్గర సీబాస్ అంటే పండుగప్ప, లేటిస్ కాల్కారిఫర్. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికలో అది బారముండి పేరుతో వేరే వరుసలో ఉంటుంది. యూరప్ చేప డైసెంట్రార్కస్ లాబ్రాక్స్. చిలీ సీబాస్ అని అమ్మేదానికి ఈ రెండింటితోనూ చుట్టరికం లేదు. శాస్త్రీయ నామం చూడనిదే ఒక్క అంకె కూడా ఎక్కించుకోవద్దు. అలాగే పెంపకం అంకెలను పక్కన పెట్టేయండి. టర్కీ, గ్రీసుల్లో వలపంజరాల్లో పెంచే సీబాస్ ముందు వేటలో దొరికేది చాలా కొద్ది. రెండూ కలిపి గీస్తే వేట పడిపోయిన సంగతే కనబడదు.

ఇక గీత. ఇంగ్లిష్ ఛానల్, ఉత్తర సముద్రం, ఐరిష్, కెల్టిక్ సముద్రాలు కలిపి 2010లో 4 వేల టన్నులు దాటింది. 2013 దాకా ఇంచుమించు అక్కడే నిలిచింది. 2014లో బాగా దిగి, 2018 నాటికి వెయ్యి టన్నుల దరిదాపులకు వచ్చింది.

చాలామంది కన్ను దిగిన చోటికే పోతుంది. నన్నడిగితే అనుమానించాల్సింది నిలకడగా ఉన్న ఆ మూడేళ్లనే. తల్లి చేపల బరువు 2010 నుంచే తగ్గుతోందని శాస్త్రవేత్తల అంచనా. అయినా పట్టుబడి ఎలా నిలిచింది? సీబాస్ చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఛానల్‌లో గుంపుగా చేరుతుంది. సముద్రమంతా పలచబడినా గుంపు మీద వల వేస్తే వల నిండుతుంది.

పైగా ఇది నెమ్మదిగా పెరిగే చేప. మీ బడి స్కేలు 30 సెంటీమీటర్లు. దాని చివర ఇంకో 12 కలిపి నేల మీద గీత గీయండి. ఆ 42 సెంటీమీటర్లకు ఎదగడానికి సుమారు ఆరేళ్లు పడుతుంది. 2008 నుంచి వరసగా కొన్నేళ్లు పిల్లలు సరిగా నిలవలేదు. 2008కి ఆరు కలపండి, గీత దిగిన ఏడాది వస్తుంది.

2015 తర్వాతి దిగుడు మాత్రం వేరు. ఆ జనవరిలో యూరోపియన్ యూనియన్ గుడ్లు పెట్టే కాలంలో, పడవ వెనక నీటి నడుమ లాగే ట్రాల్ వలలతో సీబాస్ వేటను ఆపింది. సెప్టెంబరులో పట్టదగ్గ కనీస పొడవును 36 నుంచి 42 సెంటీమీటర్లకు పెంచింది. అక్కడినుంచి గీతలో చేపతోపాటు చట్టం కూడా ఉంది.

దేశాలను పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఫ్రాన్స్ వరుస అన్నిటికంటే పెద్దది. ఐర్లండ్ వరుస దాదాపు ఖాళీ. అంటే ఐర్లండ్ తీరంలో చేప లేదని కాదు, 1990 నుంచి అక్కడి పడవలకు సీబాస్ వ్యాపార వేట నిషేధం.

అభ్యాసం: మీ గ్రాఫు మీద 1990, 2015 దగ్గర ఎర్ర పెన్సిలుతో నిలువు గీతలు గీయండి. ప్రతి దిగుడు పక్కన "చేప" అనో, "చట్టం" అనో, "రెండూ" అనో రాయండి. కాగితం దాచుకోండి. ఫ్రాన్స్ పడమటి తీరాన ఉన్న బిస్కే అఖాతం చేపను విడిగా లెక్కిస్తారు కాబట్టి, వచ్చే పాఠంలో ఫ్రాన్స్ వరుసను రెండుగా విడదీస్తాం.