పాత కేసు ఉన్నోళ్ళు గవర్నమెంట్ జాబ్ అటెస్టేషన్ ఫామ్ ఎలా నింపాలంటే

మా గుంటూరు బ్రాడీపేటలో కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో చదివే కుర్రాళ్ళు బయటికి అడగలేక అడిగే డౌట్ ఇది, అన్నా ఎప్పుడో చిన్న పోలీస్ కేసైంది, అటెస్టేషన్ ఫామ్‌లో (ఉద్యోగానికి ముందు మన వెనకటి వివరాలు రాసిచ్చే ఫామ్) రాయాలా వద్దా అని. రాయాలి, ఇంకో మాట లేదు.

మా పిన్ని కొడుకుది నిమజ్జనం రోజు గొడవ, ఐపీసీ 341, 323 సెక్షన్లు (దారికడ్డం పడటం, కొట్టడం), లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, ఇంక కేసెక్కడిది అని 'లేదు' అని రాయబోతుంటే పెన్ను లాక్కున్నా. ఫామ్‌లో శిక్ష పడిందా అని ఒక్కటే అడగరు, ఎప్పుడైనా అరెస్టయ్యావా, కోర్టులో కేసు నడిచిందా, ఫైన్ పడిందా, ఇప్పుడేమైనా పెండింగ్ ఉందా అని విడివిడిగా అడుగుతారు, రాజీ అయినా కేసు నడిచింది నిజమేగా.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, దాస్తే ఆ దాచినందుకే ఉద్యోగం తీసేయొచ్చు, మరీ చిన్న కేసైతే డిపార్ట్‌మెంట్ చూసీచూడనట్టు వదిలేయొచ్చు. అలాగని నిజం చెప్తే జాబ్ గ్యారంటీ అని కాదు, ఇవ్వాలా వద్దా అనేది వాళ్ళ చేతిలోదే, పోలీస్ ఉద్యోగాలకైతే ఇంకా గట్టిగా చూస్తారు.

ముందు ఈకోర్ట్స్ సైట్‌లో నీ పేరు కొట్టి కేసు వెతుకు, ప్రతి కేసుకీ విడిగా ఉండే 16 అంకెలు అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ దొరికితే రాసిపెట్టుకో. తర్వాత కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి జడ్జిమెంటో లోక్ అదాలత్ అవార్డో (అంటే రాజీ ఆర్డరు) సర్టిఫైడ్ కాపీ తీసుకో, రిజల్ట్స్ వచ్చాక పరిగెత్తితే టైం చాలదు. ఫామ్‌లో కథ చెప్పొద్దు. 'క్రైం నంబర్ ఫలానా, ఫలానా స్టేషన్, సెక్షన్లు ఇవి, ఫలానా తేదీన రాజీ, అవార్డు కాపీ జత చేశాను', అంతే.

18 ఏళ్ళ లోపు జరిగిందైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ఉంది, మామూలుగా ఆ శిక్ష వల్ల అనర్హత రాదు, కానీ ఘోరమైన నేరాలకి మినహాయింపులున్నాయి, లాయర్‌ని కనుక్కునే రాయి.

అమెరికాలో ఫెడరల్ ఉద్యోగాలకి 2019లో చట్టం చేశారు, 2021 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది, ఆఫర్ ఇచ్చేదాకా పాత కేసుల గురించి అడగకూడదు, కొన్ని సెక్యూరిటీ పోస్టులు తప్ప. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది. మనకీ అటెస్టేషన్ ఎక్కువగా సెలక్షన్ తర్వాతే, కానీ కొన్ని అప్లికేషన్లలో మొదట్లోనే అడుగుతారు, అక్కడొకటి ఇక్కడొకటి రాస్తే దొరికిపోతావ్, అందుకే సబ్మిట్ కొట్టిన అప్లికేషన్ ప్రింట్ దాచుకో.

ఆ సర్టిఫైడ్ కాపీని లామినేషన్ మాత్రం చేయించకు, జిరాక్సులు తీసుకుని ఒరిజినల్ ఫైల్లో పెట్టుకో.