దీర్ఘకాలిక దవడ నొప్పి: ఆరోగ్య అంచనా దరఖాస్తులో ఎలా రాయాలి?

దవడ నొప్పితో బాధపడుతున్నవారిని చూస్తే సాధారణంగా పైకి ఏమీ తెలియదు. చాలామందికి ఎక్స్‌రే కూడా మామూలుగానే వస్తుంది. అందుకే ఆరోగ్య అంచనాలో, అంటే జబ్బు మీ రోజువారీ పనులకు ఎంత అడ్డుపడుతోందో తేల్చే పరిశీలనలో, అధికారి మీరు రాసిన మాటల మీదే ఎక్కువగా ఆధారపడతారు. "దవడ నొప్పి, టీఎండీ" (దవడ కీలు, నమిలే కండరాల సమస్యకు పొట్టిపేరు) అని జబ్బు పేరు రాసి ఊరుకుంటే దరఖాస్తు సగం ఖాళీగా ఇచ్చినట్లే.

జబ్బు వివరం అడిగినచోట డాక్టరు నివేదికలో ఉన్న పేరు ఉన్నదున్నట్లు రాసి, దాని కింద మామూలు మాటల్లో చెప్పండి: "చెవికి ముందు, కింది దవడ పుర్రెతో కలిసేచోట ఉన్న కీలులోనూ, నమిలే కండరాల్లోనూ నొప్పి. కణతలకు, చెవిలోకి పాకుతుంది." ఎప్పుడు మొదలైందో తప్పక రాయాలి. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికంగా లెక్కిస్తారు.

దరఖాస్తుకు ప్రాణం రోజువారీ ఇబ్బందుల భాగం. "నరకయాతన" అని రాస్తే జాలి కలగవచ్చేమో గాని, అంచనా వేయడానికి పనికిరాదు. "గట్టి పదార్థాలు నమలలేను. మెత్తటి భోజనానికే ముప్పావుగంట పడుతుంది, మధ్యలో రెండుసార్లు ఆపాలి, తిన్నాక గంటసేపు కణతలు లాగుతాయి" అని రాస్తే పనికొస్తుంది. ఏ పని, ఎంతసేపు, తర్వాత ఏమవుతుంది, వారంలో ఎన్ని రోజులు అన్నవి ప్రతి పనికీ రాయండి. తినడం ఒక్కటే కాదు. మాట్లాడటం, ఆవులించడం, పళ్లు తోముకోవడం, నిద్ర కూడా ఇందులోకే వస్తాయి. ఉద్యోగంలో రోజంతా మాట్లాడవలసినవారు ఆ సంగతి విడిగా రాయాలి. "చేయగలరా?" అన్న ప్రశ్నకు ఒట్టి "అవును" పెట్టి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ఒకసారి చేయగలిగి, ఆ తర్వాత పూటంతా మంచం పట్టేవారు అదే రాయాలి.

పెద్దవారిలో నోరు పూర్తిగా తెరిస్తే ముందుపళ్ల మధ్య సాధారణంగా 40 మిల్లీమీటర్లు, అంతకు మించీ ఖాళీ ఉంటుంది. మీ కొలతను డాక్టరు చేత నివేదికలో రాయించండి. కొలత లేకపోతే, పళ్ల మధ్య మీ వేళ్లు ఒకదానిమీద ఒకటిగా ఎన్ని పడతాయో చెప్పినా అర్థమవుతుంది. అయితే పరీక్ష కోసమని నోటిని బలవంతంగా సాగదీయకండి. దవడలో వచ్చే టక్‌మనే శబ్దానికి మరీ ప్రాధాన్యం ఇవ్వవద్దు; నొప్పి లేని శబ్దం ఎందరికో ఉంటుంది, దానికి చికిత్స కూడా అక్కరలేదు. నోరు బిగుసుకుపోవడం అలా కాదు. తెరుచుకోలేదా, మూసుకోలేదా, ఎంతసేపటికి వదిలింది, ఆసుపత్రికి వెళ్లారా అన్నవన్నీ రాయాలి.

ఈ నొప్పి హెచ్చుతగ్గులుగా ఉంటుంది. మరీ బాధపడ్డ రోజునే తీసుకుని రాస్తే, అంచనా రోజున మీరు కాస్త బాగున్నప్పుడు రాసినదానికీ కనిపించేదానికీ పొంతన ఉండదు. దరఖాస్తుకు ముందు రెండు వారాలు చిన్న చిట్టా రాయండి: సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత, ఏం తిన్నారు, ఏ పని మానుకున్నారు.

మందుల పేర్లు, మోతాదు, వాటివల్ల వచ్చే మగత, రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు (స్ప్లింట్), ఫిజియోథెరపీ, ఫలితం ఇవ్వక ఆపేసిన చికిత్సలు అన్నీ రాయండి. ఎక్స్‌రే మామూలుగా ఉందని దాచనక్కరలేదు. కీలులోని మెత్తటి బిళ్ల, కండరాలు అందులో కనిపించవు. బిళ్ల జారిందా అన్నది తేల్చేది ఎమ్మారై. అది తీయించుకుని ఉంటే ఆ నివేదికా జతచేయండి.

అంచనా ముఖాముఖిగానో ఫోనులోనో జరిగితే, ఎక్కువసేపు మాట్లాడలేనని, మధ్యలో విరామం కావాలని ముందే రాసి పంపండి. మాట్లాడుతుండగా నొప్పి మొదలైతే పళ్ల బిగువున ఓర్చుకోకుండా, అప్పుడే చెప్పి నమోదు చేయించండి. పంపేముందు ఫారం నకలు తీసి దగ్గర పెట్టుకోండి. అధికారి అడిగే ప్రశ్నలు చాలావరకు మీరు అందులో రాసిన వాక్యాల మీదే ఉంటాయి.