టైమ్ జోన్ లెక్కలో మార్కులు పోకుండా

టూరిజం మేనేజ్‌మెంట్‌లో ఎయిర్ టికెటింగ్ పేపర్ రాసేవాళ్లకు: ప్రయాణ సమయం అడిగితే రెండు ఊళ్ల టైమ్‌లను నేరుగా తీసివేయకండి. ముందు రెండింటినీ జీఎంటీలోకి (అన్ని దేశాల టైమ్‌లను పోల్చడానికి వాడే గ్రీనిచ్ సమయం) మార్చండి. విమానం హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి బయల్దేరి దుబాయ్‌లో 6:45కి దిగిందనుకోండి. మన టైమ్ జీఎంటీ కంటే 5:30 గంటలు ముందు కాబట్టి, 4:30 లోంచి 5:30 తీస్తే ముందురోజు 23:00. దుబాయ్ 4 గంటలు ముందు, 6:45 లోంచి 4 గంటలు తీస్తే 2:45. అంటే ప్రయాణం 3 గంటల 45 నిమిషాలు. పక్కన తేదీ వేసుకోకపోతే ఆ ‘ముందురోజు’ దగ్గరే బోల్తా పడతారు.

లండన్ వస్తే ఇంకో మెలిక, ప్రశ్నలో తేదీ చూడాల్సిందే. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా అక్కడ జీఎంటీ +1, అంటే గడియారం గంట ముందుకు. న్యూయార్క్‌లో మాత్రం మార్చి రెండో ఆదివారమే గడియారం ముందుకు జరుపుతారు. ఆ మధ్య వారాల్లో రెండు ఊళ్ల తేడా 5 కాదు, 4 గంటలే.