క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లో డాక్టర్ల ప్రొఫైళ్లు, ఓపీ వేళలు పెట్టుకోవడం ఎలా?

అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టిన క్లినిక్‌లో మొదటి వారం తగాదా దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫోనులో 10:10 అని మెసేజ్ అందుకున్న పేషెంటు సరిగ్గా ఆ వేళకే వచ్చి కూర్చుంటారు. డాక్టరు గారు వార్డులో రౌండ్లు ముగించుకుని 10:40కి వస్తారు. పేషెంటు రిసెప్షనిస్టును, రిసెప్షనిస్టు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు. పాపం, సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? బయట బోర్డు మీదున్న వేళనే దానికి చెప్పారు, అది నమ్మింది. డాక్టరు గారు నిజంగా కుర్చీలో కూర్చునే వేళను పట్టుకోవడమే ఈ పనిలో కష్టమైన భాగం. మిగతాదంతా మెనూలలో వెతికి నొక్కడమే.

ఇద్దరు ముగ్గురు సొంత డాక్టర్లు, వారానికో పక్షానికో వచ్చే విజిటింగ్ కన్సల్టెంట్లు ఉండే మన ఊళ్ల పాలీక్లినిక్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదైనా మెనూల పేర్లు మారతాయేమో కానీ, పని జరిగే వరుస ఇంచుమించు ఇదే.

ముందు నోటుబుక్కు, తర్వాతే కంప్యూటర్

ఓపీ గది తలుపు దగ్గర కూర్చునే మనిషికి ఒక వారం పాటు నోటుబుక్కు అప్పగించండి. ప్రతి పేషెంటూ లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, కొత్తవారా రివ్యూకి వచ్చినవారా, అంతవరకు రాస్తే చాలు. డాక్టరు గారిని అడిగితే "మనిషికి పది నిమిషాలు" అంటారు. పుస్తకం తిరగేస్తే కొత్తవారికి 15 నిమిషాలు, రివ్యూలకు 5 నిమిషాలు పడుతున్నట్టు తేలవచ్చు. సగటు పదికి దగ్గరగానే ఉంటుంది, సరిగ్గా పది నిమిషాలు పట్టిన పేషెంటు మాత్రం వెతికినా కనిపించరు. అందరికీ పది నిమిషాల స్లాటే పెడితే వరసగా ముగ్గురు కొత్తవారు పడిన రోజున పావుగంట ఆలస్యం అక్కడికక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఉదయం 10:30 నుంచి 1:30 వరకు 180 నిమిషాలు. కొత్తవారు 6 మందికి 90, రివ్యూలు 9 మందికి 45, మొత్తం 135 నిమిషాలు. మిగిలిన 45 నిమిషాలను బుకింగ్‌కు ఇవ్వకండి. రిపోర్టులు చూపించుకోవడానికి వచ్చేవారికి, పల్లె నుంచి బస్సు దిగి నేరుగా లోపలికి వచ్చేవారికి, జ్వరంతో కాలిపోతున్న పసిబిడ్డకు ఆ సమయం కావాలి. తెర మీద ఖాళీ కనిపించగానే అక్కడ కూడా స్లాట్లు తెరవమని యాజమాన్యం అడుగుతుంది. ససేమిరా అనండి.

ఒక డాక్టరుకు ఒకే ప్రొఫైల్

ప్రొఫైల్‌లో డాక్టరు ఎవరన్నది ఉండాలి, ఎప్పుడు దొరుకుతారన్నది వేరే చోట ఉండాలి. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకోవడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో కూడా డాక్టరు, ఆయన ఏ సంస్థలో ఏ హోదాలో పనిచేస్తారన్నది, వేళల పట్టిక, స్లాటు, ఈ నాలుగూ వేర్వేరు నమోదులే. ఉదయం మెయిన్ రోడ్డు శాఖలో, సాయంత్రం బైపాస్ దగ్గరి శాఖలో చూసే డాక్టరుకు రెండు ప్రొఫైళ్లు తెరిచారంటే, ఒకే వేళకు రెండుచోట్లా బుకింగ్ పడినా సాఫ్ట్‌వేర్ పసిగట్టలేదు. దాని లెక్కలో వారు ఇద్దరు మనుషులు. ఒకే ప్రొఫైల్ పెట్టి, దానికి రెండు శాఖలు జోడించి, మధ్యలో ప్రయాణానికి కావలసిన సమయాన్ని బ్లాక్ చేయండి.

పేరు దగ్గర కాస్త ఆగండి. చాలా సాఫ్ట్‌వేర్లలో పేరు ముందు, ఇంటిపేరు చివర వస్తాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలామందికి పొడి అక్షరంగానే. తెరపై కనిపించే పేరు కోసం విడిగా గడి ఉంటే, బోర్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే దానిలో రాయండి. శ్రీనివాసరావు అని ఒకచోట కలిపి, శ్రీనివాస రావు అని ఇంకోచోట విడదీసి రాస్తే వెతుకులాటలో ఒకరు దొరికి ఒకరు దొరకరు. క్లినిక్‌లో అదే పేరుతో ఇద్దరుంటే, పేరు పక్కనే పిల్లల డాక్టరో ఎముకల డాక్టరో చేర్చండి. విభాగం పేరు కూడా జనం అడిగే మాటలోనే ఉండాలి. "గ్యాస్ట్రో" అని వెతికేవారికంటే "కడుపు నొప్పి డాక్టరు" అని అడిగేవారే మన దగ్గర ఎక్కువ.

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరును సర్టిఫికెట్ చూసి ఎక్కించండి, నోటితో చెబితే రాసుకోవద్దు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ప్రిస్క్రిప్షన్, సర్టిఫికెట్, రసీదు, మూడింటి మీదా ఈ నంబరు ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ ప్రొఫైల్ నుంచే ముద్రిస్తుంది కాబట్టి ఒక అంకె తప్పితే తప్పు అన్నిచోట్లకూ పాకుతుంది. దంతవైద్యులకు డెంటల్ కౌన్సిల్ నంబరు వేరుగా ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద వైద్యుల రిజిస్ట్రీలో నమోదైనవారికి ఇంకో ఐడీ ఉంటుంది. దాన్ని దాని గడిలోనే పెట్టండి, కౌన్సిల్ నంబరు గడిలో కాదు. డాక్టరు సొంత ఫోను నంబరు పేషెంట్లకు కనిపించే పేజీలో ఉండకూడదు. మెసేజ్‌లు వెళ్లడానికి ఇచ్చిన నంబరును కొన్ని సాఫ్ట్‌వేర్లు అడగకుండానే బయటపెడతాయి, ఆ టిక్కు తీసేయండి.

లాగిన్ ఎవరిది వారికే. రిసెప్షన్‌లో ముగ్గురూ ఒకే పాస్‌వర్డ్‌తో పనిచేస్తే, శుక్రవారం ఓపీని రద్దు చేసింది ఎవరో తేల్చడం ఎవరి తరమూ కాదు.

వారపు పట్టిక

స్లాటు మూల ప్రమాణాన్ని 5 నిమిషాలుగా పెట్టండి. కొత్త పేషెంటుకు మూడు స్లాట్లు, రివ్యూకి ఒకటి. ఆపరేషన్ ఉండే ఉదయాలు, భోజనం, మెడికల్ రెప్‌లు (మందుల కంపెనీల ప్రతినిధులు) వచ్చే సమయం అన్నీ ముందే మూసేయండి. రెప్‌ల వేళకు ఒక చిట్కా ఉంది. శుక్రవారం 10:30 నుంచి 12 వరకు, సోమవారం 7:30 నుంచి 9 వరకు పంచాంగంలో రాహుకాలం. మొదటిసారి డాక్టరు దగ్గరికి ఆ వేళలో వెళ్లడానికి జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నమ్మకం సంగతి అలా ఉంచితే, మీ నోటుబుక్కులో శుక్రవారం ఆ గంటన్నర పలచగా కనిపిస్తే రెప్‌లను అప్పుడు రమ్మనండి.

టోకెన్లకు అలవాటుపడిన క్లినిక్ ఒక్కసారిగా నిమిషాల లెక్కకు మారలేదు. మధ్యేమార్గంగా గంటకు ఒక గుంపు పెట్టుకోవచ్చు. 10:30కి ఐదుగురిని, 11:30కి ఐదుగురిని పిలిచి, గుంపులో వచ్చిన వరుసను బట్టి లోపలికి పంపడం. ఒకరు రాకపోయినా డాక్టరు ఖాళీగా కూర్చోరు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) వివరాలు పంపితే ఫోనులో వచ్చే టోకెన్ రిజిస్ట్రేషన్ కౌంటరు వరుసకు సంబంధించినది, డాక్టరు గది వరుసకు కాదు. ఈ ముక్క కౌంటరు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, లేకపోతే రోజూ వాదనే.

విజిటింగ్ కన్సల్టెంట్లు, మెలిక

"నేను శనివారం తప్పి శనివారం వస్తాను" అని ఒకరు, "మొదటి, మూడో శనివారం వస్తాను" అని ఇంకొకరు చెబుతారు. రెండూ ఒకటే అనిపిస్తాయి. 2026 జనవరి తీసుకోండి: శనివారాలు 3, 10, 17, 24, 31, ఐదున్నాయి. "ప్రతి 2 వారాలకు" అని పెడితే సాఫ్ట్‌వేర్ 3, 17, 31 తేదీలకు స్లాట్లు తెరుస్తుంది, ఆ తర్వాత ఫిబ్రవరి 14. మొదటి, మూడో శనివారం వచ్చే డాక్టరు అయితే జనవరి 31న రారు, ఫిబ్రవరి 7న వస్తారు. అంటే డాక్టరు లేని రోజు హాలు నిండుతుంది, డాక్టరు వచ్చిన రోజు స్లాట్లే ఉండవు. కాబట్టి రాబోయే 3 నెలల తేదీలను కాగితం మీద రాసి ఆయనకు చూపించి, సరేనన్న తర్వాతే ఎక్కించండి.

డాక్టరు వేళలు మారినప్పుడు పాత పట్టికను దిద్దకండి. దానికి ముగింపు తేదీ ఇచ్చి, మర్నాటి నుంచి కొత్త పట్టిక మొదలుపెట్టండి. దిద్దితే ఇప్పటికే ఇచ్చిన అపాయింట్‌మెంట్లు కొత్త వేళల్లో ఇమడక గాల్లో వేలాడతాయి.

ఎంత ముందుగా బుక్ చేసుకోనివ్వాలి?

పేషెంట్లు సొంతంగా చేసుకునే బుకింగ్‌కు 15 రోజులు చాలు. అంతకంటే దూరం ఇస్తే మరచిపోయి రానివారు పెరుగుతారు. అయితే షుగరు పేషెంటును "మూడు నెలలకు రండి" అని డాక్టరు పంపుతారు కదా? రిసెప్షన్ లాగిన్‌కు మాత్రం 100 రోజుల వరకు తెరిచి ఉంచండి. ఈ రెండు హద్దులను విడివిడిగా పెట్టుకోనిచ్చే సాఫ్ట్‌వేర్‌నే కొనమంటాను.

సెలవులు

సంక్రాంతి, దసరా సెలవులను ఏడాది మొదట్లోనే మూసేయండి. అనుకోని సెలవు వస్తే వరుస మారకూడదు: ముందు ఆ రోజు బుకింగుల జాబితా తీయాలి, తర్వాత రోజును బ్లాక్ చేయాలి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోను చేయాలి. బ్లాక్ చేయగానే కొత్త బుకింగులు ఆగుతాయి. పాతవి చాలా సాఫ్ట్‌వేర్లలో ఎక్కడివక్కడే ఉంటాయి, ఎవరికీ కబురు వెళ్లదు.

తెరిచే ముందు పరీక్ష

మీ సొంత ఫోను నుంచి, క్లినిక్ వైఫై ఆపేసి, పేషెంటులాగా ఒక బుకింగ్ చేయండి. రద్దు చేయండి. ఇంకో వేళకు మార్చండి. అదే వేళకు రెండో ఫోను నుంచి ప్రయత్నించి చూడండి.

తెలుగు ఎస్ఎంఎస్ పంపుతుంటే పొడవు చూసుకోండి. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, పైగా గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" కంటికి రెండక్షరాలు, లెక్కలో ఏడు. డాక్టరు పేరు, తేదీ, వేళ, క్లినిక్ పేరు, ఇంతకు మించి రాస్తే రెండో మెసేజ్ చార్జీ పడుతుంది. వాక్యాన్ని మార్చాలంటే టెలికాం కంపెనీ దగ్గర నమోదైన నమూనానూ మార్పించాలి, లేకపోతే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది.

కాలమానం సెట్టింగ్‌లో కోల్‌కతా (భారత కాలమానానికి సాఫ్ట్‌వేర్లలో ఉండే పేరు) ఉందో లేదో చూడండి. అమ్మానాన్నల కోసం డాలస్ నుంచి కొడుకు బుక్ చేస్తుంటే, కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడి వేళను చూపిస్తాయి. మన ఉదయం 10:30 ఆయనకు చలికాలంలో ముందురోజు రాత్రి 11 గంటలు, వేసవిలో అర్ధరాత్రి 12. చలికాలంలో ఆ ముందురోజు తేదీనే ఇంటికి ఫోను చేసి చెబితే పెద్దవాళ్లు ఒక రోజు ముందే వచ్చి కూర్చుంటారు. ఎక్కడి నుంచి చూసినా క్లినిక్ వేళే కనిపించేలా సెట్ చేసి, పక్కన "భారత కాలమానం" అని చేర్చండి.

ఎవరైనా డాక్టరు క్లినిక్ వదిలి వెళితే ప్రొఫైల్‌ను తొలగించకండి, నిలిపివేయండి. పాత ప్రిస్క్రిప్షన్లు, రసీదులు ఆ పేరుకే ముడిపడి ఉంటాయి. ఆ రోజే లాగిన్ కూడా ఆపి, ముందుకు మిగిలిన బుకింగుల జాబితా తీసి, వేరే డాక్టరుకు మార్చే ముందు పేషెంటును అడగండి.